మిసిల్ విప్పిన వకీలు

(న్యాయవాది, రాజకీయ వ్యాఖ్యాత ఎ.జి.నూరానీ జీవితం, రచనల మీద చేసిన ప్రసంగ పాఠం)





మనం కాయితాల మీద కొట్లాడిన జనం. ముల్కీ నిబంధనలు, 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 డిసెంబర్ 30న వచ్చిన 610 జీవో. వేరే ఉద్యమాల్లో నాయకుల పేర్లు నోటికొస్తయి, మన ఉద్యమంలో జీవోల నంబర్లు నోటికొచ్చినయి. బస్సులో టికెట్ కొట్టే కండక్టర్ కూడా ఆరు సూత్రాల పథకంలో ఏమున్నదో చెప్పేటోడు. శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబర్ 30న నివేదిక ఇచ్చినప్పుడు ఎనిమిదో అధ్యాయాన్ని సీల్డు కవరులో పెట్టి హోం శాఖకు అందజేసింది. మా మీద రాసింది మాకే చూపకపోతే ఎట్లా అని మనం అడిగినం. ఆ కవరులో ఏమున్నదో 2011 మార్చిలో జస్టిస్ ఎల్.నర్సింహారెడ్డి తీర్పు వస్తేగానీ లోకానికి తెలియలేదు. ఉద్యమాన్ని ఎట్ల అణచాలె, పత్రికలను ఎట్ల దారికి తేవాలె అని అందులో సలహాలున్నయని తెలిసి ఎంత మండిపోయినమో ఈ హాల్లో ఉన్న చాలామందికి యాదికుంటది.

అట్లా సీలు వేసిన కాయితాలను జీవితమంతా విప్పుకుంటూ పోయిన ఒక వకీలు గురించి ఇవాళ మాట్లాడుకుందాం. పేరు అబ్దుల్ గఫూర్ అబ్దుల్ మజీద్ నూరానీ. పాఠకులకు ఎ.జి.నూరానీ. 1930 సెప్టెంబర్ 16న బొంబాయిలో పుట్టారు. 2024 ఆగస్టు 29న అదే ఊర్లో, తొంభై మూడేళ్ల వయసులో పోయారు. ఆయన మన ప్రాంతం మనిషి కాదు. కానీ నిజాం జమానాలో కచేరీల్లో ఫైలును మిసిల్ అనేటోళ్లు కదా, మన ఇంటి మిసిల్ ఒకటి ఆయన చేతి మీదుగా విప్పబడ్డది. ఆ సంగతికి కొంచెం ఆగి వస్తాం. ముందు మనిషి సంగతి.

బొంబాయి సెయింట్ మేరీస్ స్కూల్లో, ఆ తర్వాత ప్రభుత్వ లా కాలేజీలో చదివారు. బొంబాయి హైకోర్టులో, సుప్రీంకోర్టులో వకాలత్ చేశారు. షేక్ అబ్దుల్లా ఏండ్ల తరబడి నిర్బంధంలో ఉన్న కాలంలో ఆయన తరఫున నిలిచిన వకీళ్లలో నూరానీ ఒకరు. అది మామూలు విషయం కాదు. 1953 ఆగస్టు 9న షేక్‌ను అరెస్టు చేసింది పరాయి సర్కారు కాదు, ఆయన దోస్తు నెహ్రూ నడుపుతున్న సర్కారు. దేశమంతా నెహ్రూను కొలుస్తున్న రోజుల్లో, బొంబాయిలో ఉన్న ఒక ముస్లిం యువ న్యాయవాది కశ్మీర్ నాయకుడి మిసిల్ చేతికి తీసుకున్నాడంటే ఎన్ని కండ్లు అనుమానంగా చూసి ఉంటయో వేరే చెప్పనక్కర్లేదు. 1964లో కశ్మీర్ సమస్య మీద తొలి పుస్తకం తెచ్చేనాటికి ఆయనకు ముప్పై నాలుగేండ్లు. అంటే మా ఈడు. ఆ తర్వాత అరవై ఏండ్లు ఆ కలం ఆగలేదు. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ, ఫ్రంట్‌లైన్, పాకిస్తాన్ నుంచి వచ్చే డాన్, ఇంకా ఎన్నో పత్రికల్లో రాశారు. మన దేశంలో, పొరుగు దేశంలో ఒకే కాలంలో ఒకే మాట రాసిన కాలమిస్టులు ఎంతమంది ఉన్నరు? రెండు దిక్కులా తిట్లు తిన్నవాళ్లే ఆ పని చేయగలరు.

కోర్టు మనిషి పత్రికల్లోకి వస్తే ఏమైతది? మామూలుగా రెండిట్ల ఏదో ఒకటైతది. సెక్షన్లు వల్లించి పాఠకుణ్ణి పండబెడ్తడు, లేకుంటే కోర్టును మరిచి నాయకుడి లెక్క ఉపన్యాసం దంచుతడు. నూరానీ ఈ రెండూ చేయలేదు. వకీలు పద్ధతిని అట్లనే పత్రికలోకి తెచ్చారు. పాఠకుణ్ణి జడ్జి కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన ముందు కాయితాలు పరిచేవారు. ఫలానా మంత్రి ఫలానా తేదీన సభలో ఏమన్నడు, అంతకు నాలుగు నెలల ముందు రాసిన ఉత్తరంలో ఏమున్నది, తర్వాత అచ్చయిన జ్ఞాపకాల్లో ఆ మాట ఎట్ల మారింది. ఈ మూడూ పక్కపక్కన పెడితే మంత్రి అబద్ధం తనంతట తానే బయటపడ్తది. తిట్టాల్సిన పని లేదు. నిజం చెప్పాలంటే ఆయన తిట్టేవారు కూడా, మహా ఘాటుగా. కానీ తిట్టుకు ముందు సాక్ష్యం వచ్చేది. మా పత్రికల్లో ఇప్పుడు తిట్టు ముందొస్తుంది, సాక్ష్యం ఎన్నటికీ రాదు.

అట్లా రాసేవాడికి ఏ పార్టీ అయినా ఒకటే. 1973లో మంత్రుల అవినీతి, దుష్ప్రవర్తన మీద ఒక పుస్తకం రాశారు. అప్పుడు ఢిల్లీ గద్దె మీద ఉన్నది కాంగ్రెసు. తర్వాత్తర్వాత ఆర్ఎస్ఎస్, బీజేపీల మీద వరుసగా పుస్తకాలు రాశారు కాబట్టి ఆయన కాంగ్రెసు మనిషి అనుకునేవాళ్లు ఉన్నరు. వాళ్లు హైదరాబాద్ మీద, కశ్మీర్ మీద ఆయన రాసింది చదవలేదన్నట్టు.

వకీళ్ల కోసం ఒక పుస్తకం గురించి కొంచెం వివరంగా చెప్తాం. 1996లో భగత్‌సింగ్ విచారణ మీద రాసింది. భగత్‌సింగ్ బొమ్మ లేని హాస్టల్ గది మన యూనివర్సిటీల్లో ఉండదు. కానీ ఆ ఉరి వెనుక ఏ కాయితం ఉన్నదో ఎంతమందికి తెలుసు? మామూలు కోర్టులో కేసు సాగితే ఆలస్యమైతదని, ముద్దాయిల నిరాహార దీక్షల వార్తలు దేశాన్ని కదిలిస్తున్నయని, 1930 మే 1న వైస్రాయ్ ఇర్విన్ ఒక ఆర్డినెన్సు తెచ్చిండు. లాహోర్ హైకోర్టు జడ్జీలు ముగ్గురితో ప్రత్యేక ట్రిబ్యునల్. దాని తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు లేదు. మే 12న కోర్టు హాల్లోనే ముద్దాయిలను పోలీసులు చితక్కొట్టినరు. ఆ ముగ్గురు జడ్జీల్లో ఒకాయన, జస్టిస్ ఆగా హైదర్, ఆనాటి ఉత్తర్వులో తనకు భాగం లేదని రికార్డు మీద రాసిపెట్టారు. ప్రాసిక్యూషన్ సాక్షులను తానే గుచ్చి గుచ్చి అడిగేవారు. జూన్ 21న ట్రిబ్యునల్‌ను మళ్లీ కూర్చినప్పుడు ఆయన అందులో లేరు. ముద్దాయిలు కోర్టుకు రాకుండనే, వాళ్ల తరఫున వకీలు నిలబడకుండనే విచారణ నడిచి, అక్టోబర్ 7న తీర్పు వచ్చింది. 1931 మార్చి 23న ఉరి.

ఈ పుస్తకంలో నూరానీ ఇంకొక కాయితం కూడా బయటికి తీశారు. 1929 సెప్టెంబర్‌లో, ముద్దాయిలు రాకున్నా విచారణ జరిపే బిల్లు కేంద్ర శాసనసభకు వచ్చినప్పుడు, దాన్ని వ్యతిరేకించి గట్టిగా వాదించింది మహమ్మద్ అలీ జిన్నా. నిరాహార దీక్షలో జతీన్ దాస్ ప్రాణం పోయింది ఆ రోజుల్లోనే, సెప్టెంబర్ 13న. ఆ ప్రసంగం సభా రికార్డుల్లో ఎన్నడూ ఉన్నది. కానీ ఇక్కడ జిన్నాను మెచ్చుకోవద్దు, అక్కడ భగత్‌సింగ్‌ను మెచ్చుకోవద్దు కాబట్టి రెండు దేశాలూ దాన్ని మరిచిపోయినయి. ఉరి ఆపడానికి గాంధీ చేయాల్సినంత చేసిండా అన్న ప్రశ్న కూడా అదే పుస్తకంలో కాయితాలతో సహా అడిగారు. ఆ ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు మీద వాదం ఉన్నది. ప్రశ్న అడిగే హక్కు మీద లేదు.

ముస్లిం జడ్జి భగత్‌సింగ్ కేసులో నిలబడ్డ సంగతి ఒక ముస్లిం వకీలు వెతికి రాయాల్సి వచ్చిందేమిటి అని కొందరు అడుగుతరు. మాకు అందులో వింత కనిపించదు. మన దగ్గర బందగీ సంగతి మన వాళ్లు కాక ఎవరు రాసినరు? 1969లో నూరానీ బద్రుద్దీన్ తయ్యబ్జీ జీవితం రాశారు. తయ్యబ్జీ కూడా బొంబాయి బారిస్టరే. 1887లో మద్రాసు కాంగ్రెసుకు అధ్యక్షుడు. తర్వాత హైకోర్టు జడ్జి అయి, 1897లో రాజద్రోహం కేసులో తిలక్‌కు బెయిలిచ్చినవాడు. ఇటువంటి మనుషుల వరుస ఒకటి మన చరిత్రలో ఉన్నదని, ఆ వరుసలో తాను ఒకణ్ణని నూరానీకి తెలుసు. సంఘ పెద్దగా మాట్లాడలేదు. ముస్లింల ఓట్లకు లెక్క చెప్పలేదు. అట్లని పేరు దాచుకుని, అందరూ మెచ్చే మంచి ముస్లింగా కూడా ఉండలేదు. పౌరుడిగా రాశారు. ముస్లిం పౌరుడికి ఏ అన్యాయం జరిగితే ఆ అన్యాయాన్ని దాని పేరుతోనే పిలిచారు.

బాబ్రీ మసీదు మీద 2003లో రెండు సంపుటాలు వెలువరించారు. 1949 డిసెంబర్ 22 రాత్రి మసీదులోకి విగ్రహాలు వచ్చినప్పటి పోలీసు ఫిర్యాదు నుంచి, 1986 ఫిబ్రవరి 1న తాళాలు తీయించిన ఉత్తర్వు, 1992 డిసెంబర్ 6 తర్వాతి పత్రాల దాకా అన్నీ ఒక్క చోట. 2019 నవంబర్ 9న సుప్రీంకోర్టు స్థలాన్ని గుడికి ఇచ్చింది. ఆ తీర్పు చదివేవాళ్లు పక్కన ఆ రెండు సంపుటాలు పెట్టుకుని చదవాలె. సావర్కర్ మీద 2002లో వచ్చిన పుస్తకం కూడా అంతే. గాంధీ హత్య కేసులో సావర్కర్ 1949లో నిర్దోషిగా బయటపడ్డడు. ఎందుకు? అప్రూవర్‌గా మారిన బాడ్గే చెప్పినదానికి వేరే సాక్ష్యం తోడు రావాలని చట్టం చెప్తది, ఆ తోడు దొరకలేదు. 1966లో వేసిన కపూర్ కమిషన్ ముందుకు ఆ తోడు సాక్ష్యం వచ్చింది. సావర్కర్ అంగరక్షకుడు, కార్యదర్శి 1948లోనే పోలీసులకిచ్చిన వాంగ్మూలాలు కోర్టుకు చేరలేదని తేలింది. నూరానీ చేసింది ఈ రెండు రికార్డులను ఒక దగ్గర కలిపి కుట్టడమే. అది వకీలు చేసే పనే. కానీ ఇరవై ఏండ్లు తిట్టించుకోవడానికి అది చాలింది.

ఇక కశ్మీర్. ఇక్కడ మనకు నేరుగా తగిలే మాట ఒకటున్నది.

370వ అధికరణం మీద 2011లో ఆయన తెచ్చిన పుస్తకం సగానికి పైగా పత్రాలే. 1949లో నెహ్రూ, పటేల్, షేక్ అబ్దుల్లా, గోపాలస్వామి అయ్యంగార్ మధ్య నడిచిన ఉత్తరాలు అందులో ఉన్నయి. ఆయన వాదం సీదా. 370 ఒక ఒప్పందం, ఒక పక్షం తనకు తాను మార్చుకునేది కాదు. దాన్ని 2019లో కాదు, 1954 నుంచే రాష్ట్రపతి ఉత్తర్వుల ద్వారా లోపలి నుంచి తొలిచేసినరు. 395 అధికరణాల్లో 260ని, కేంద్ర జాబితాలోని 97 అంశాల్లో 94ను కశ్మీర్‌కు వర్తింపజేసినరు. మిగిలింది పొట్టు. ఇది చెప్తే పెద్దమనుషుల ఒప్పందం ఎట్ల పోయిందో తెలిసినవాళ్లకు వేరే వివరం అక్కర్లేదు. ప్రాంతీయ సంఘం వచ్చింది, పోయింది. ఉపముఖ్యమంత్రి పదవి ఆరో వేలన్నరు. ఒప్పందాన్ని చింపకుండనే చంపొచ్చని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

2019 ఆగస్టు 5 తర్వాత జరిగింది మాత్రం వేరే. రాజ్యాంగంలోని 3వ అధికరణం మనకు పవిత్రమైంది. అంబేద్కర్ పెట్టిన ఆ అధికరణమే లేకుంటే తెలంగాణ లేదని వెయ్యి సభల్లో చెప్పుకున్నం. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిప్పికొట్టినా, ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని పాస్ చేసింది. ఆ రాత్రి మేం ఉస్మానియాలో ఉన్నం, ఆ సంబురం చెప్పనలవి కాదు. అదే 3వ అధికరణంతో 2019లో జమ్మూ కశ్మీర్ రాష్ట్రం రెండు కేంద్రపాలిత ప్రాంతాలైంది. అక్కడ శాసనసభ వద్దనడానికి సభే లేదు, రద్దయి రాష్ట్రపతి పాలన నడుస్తుండె. 2023 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు 370 రద్దును సమర్థించింది, రాష్ట్ర హోదా తిరిగిస్తామన్న సర్కారు మాటను నమోదు చేసుకున్నది. రెండూ ఒకటే కదా అని ఒకాయన మొన్న మాతో వాదించిండు. ఒకటి కాదు. మన దగ్గర అరవై ఏండ్లు జనం అడిగినరు, ఆ తర్వాత పార్లమెంటు కదిలింది. అక్కడ అడిగినవాళ్లు లేరు, అడిగే వీలు లేదు, ఫోన్లు కూడా బంద్. కానీ ఆయుధం ఒకటే. మన చేతిలో ఉన్నప్పుడు దాని పదును చూసి మురిసిపోయినోళ్లం, వేరేవాళ్ల మెడ మీదికి పోయినప్పుడు దిక్కులు చూస్తే ఎట్లా?

ఇప్పుడు మన మిసిల్ దగ్గరికి వద్దాం.

2013లో నూరానీ రాసిన 'ది డిస్ట్రక్షన్ ఆఫ్ హైదరాబాద్' వెలువడింది. మన రాష్ట్రం బిల్లు తయారవుతున్న రోజులవి. ఎవరికీ పుస్తకాలు చదివే తీరిక లేదు. కానీ ఆ పుస్తకం అనుబంధంలో సుందర్‌లాల్ కమిటీ నివేదిక ఉన్నది. 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా సైనిక చర్య. పోలీస్ యాక్షన్ అని పేరు పెట్టినరు, ఆ పేరులోనే మొదటి అబద్ధమున్నది. ఆ తర్వాత ముస్లింల మీద హత్యాకాండ జరుగుతున్నదన్న వార్తలు వచ్చినంక నెహ్రూ చొరవతో ఒక సౌహార్ద బృందం వచ్చింది. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. సుందర్‌లాల్ అంటే, ఇంగ్లీషోళ్ల పాలన మీద హిందీలో పుస్తకం రాస్తే దాన్ని 1929లో ఆ ఇంగ్లీషోళ్లే నిషేధించిన మనిషి. ఖాజీ అబ్దుల్ గఫార్ మన హైదరాబాద్‌లోనే పయామ్ పత్రిక సంపాదకుడు. నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా తొమ్మిది జిల్లాలు తిరిగినరు. 109 ఊర్లకు చెందిన ఐదు వందల మందికి పైగా మనుషులతో మాట్లాడినరు.

వాళ్లు రాసిన లెక్క ఇది. ఎంత తగ్గించి చూసినా సైనిక చర్య కాలంలో, ఆ తర్వాత చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల మంది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోనే 18 వేలకు తగ్గకుండా. ఆ తర్వాతి వరుసలో ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్. ఈ నాలుగింట్ల కనీసం ఐదు వేలు.

నల్లగొండ, మెదక్. మరాఠ్వాడాలో ఏదో జరిగిందట అని దాటవేసేవాళ్లు ఈ రెండు పేర్లు చూడాలె.

ఆ నివేదిక ఒక పక్కే చెప్పిందనుకోవద్దు. రజాకార్లు అంతకుముందు చేసిన దారుణాలను, వాటికి ప్రతీకారంగా ఇవి మొదలైన తీరును అది రాసింది. చాలా చోట్ల సైనికులు, పోలీసులు లూటీల్లో, ఇతర నేరాల్లో పాలుపంచుకున్నరని రాసింది, జనాన్ని కాపాడిన అధికారుల గురించీ రాసింది. ఇంకొక సంగతి రాసింది, దాన్ని చదివిన రోజు మాకు నిద్రపట్టలేదు. ముస్లిం సాలెలను కాపాడబోయి హిందూ సాలెలు తమ ప్రాణాలు పోగొట్టుకున్నరు. ఒకే మగ్గం పని చేసేవాళ్లు. ఏ ఊరో, వాళ్ల పేర్లేమిటో ఎవరికీ పట్టలేదు. వాళ్లకు స్తూపం లేదు.

ఈ నివేదికను ప్రభుత్వం అచ్చు వేయలేదు. దాన్ని వెలికి తీసిన మొదటి మనిషి నూరానీ అని చెప్తే ఆయనే ఒప్పుకోరు. విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ 1950లోనే ఈ ఘోరం గురించి ఒక వ్యాసం రాశారు. మన హైదరాబాదీ పండితుడు ఒమర్ ఖాలిదీ 1988లో తన సంకలనంలో నివేదిక భాగాలు అచ్చేశారు. నూరానీ 2001లో ఫ్రంట్‌లైన్‌లో దాని మీద రాసి భాగాలిచ్చారు, 2013లో పూర్తి పాఠం పుస్తకంలో పెట్టారు. పండితుల అలమారాలో ఉన్నదాన్ని మామూలు చదువరి చేతికి తెచ్చారు. పత్రికా రచయిత పని అదే కదా.

సెప్టెంబర్ 17 వస్తే మన దగ్గర ఏమైతదో మీకు తెలుసు. విమోచనమా, విలీనమా, విద్రోహమా. 2022లో పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం విమోచన దినం జరిపితే, రాష్ట్ర సర్కారు జాతీయ సమైక్యతా వజ్రోత్సవాలు పెట్టింది. 2024 మార్చిలో కేంద్రం ప్రతి ఏడూ హైదరాబాద్ విమోచన దినమని గెజిట్ ఇచ్చింది. అదే ఏడు సెప్టెంబర్‌లో కొత్త రాష్ట్ర సర్కారు ప్రజాపాలన దినోత్సవం అన్నది. ఒకే రోజుకు ఇన్ని పేర్లు. ఒక్క పేరులోనైనా ఆ 27 వేల మందికి చోటున్నదా? ఆ రోజు పొద్దున పాతబస్తీలో పుట్టిన పిలగాడు బయటికొస్తే, తాను పుట్టకముందు యాభై ఏండ్ల కిందటి రజాకార్లకు జవాబు చెప్పాలె. రజాకార్లు 1948 ఆగస్టులో కాచిగూడలో నరికి చంపిన షోయబుల్లా ఖాన్ ముస్లిమే, పత్రికా సంపాదకుడే, హైదరాబాద్ భారతదేశంలో కలవాలని రాసినందుకే చంపినరు. ఈ సంగతి ఆ పిలగాడు చెప్పుకోవాల్నా, మనం చెప్పాల్నా?

నూరానీ పుస్తకంతో మాకు పేచీ లేదని కాదు. ఉన్నది, గట్టిగనే ఉన్నది. ఆయన నెహ్రూను, పటేల్‌ను వేర్వేరు తక్కెడల్లో తూచిన తీరు, కె.ఎం.మున్షీ పాత్రను ఉతికిన తీరు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. పటేల్‌కు హైదరాబాద్ మిశ్రమ సంస్కృతి మీదనే పగ అని ఆయన తేల్చిన చోట మాకు సందేహాలున్నయి. కాసిం రజ్వీని, నిజాం మొండితనాన్ని ఆయన వదల్లేదు. అది సరే. అసలు పేచీ వేరే. ఆయన హైదరాబాద్‌ను చూసింది ఢిల్లీ నుంచి, కింగ్ కోఠీ నుంచి, లండన్ ఉత్తరాల నుంచి. ఆ హైదరాబాద్‌లో వైస్రాయ్ ఉన్నడు, దివాన్లు ఉన్నరు, మాంక్టన్ ఉన్నడు. వెట్టి చేసిన మనిషి గొంతు అందులో వినిపించదు. విసునూరు దేశ్‌ముఖ్ గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లకు ఆ మిశ్రమ సంస్కృతిలో దక్కిందేమిటో ఆ పుస్తకం అడగదు. కాయితం మీద బతికిన వకీలుకు, కాయితం లేని జనం కనబడటం కష్టం.

మన బందగీకి కాయితం ఉన్నది, అది వేరే సంగతి. కామారెడ్డిగూడెం షేక్ బందగీ తన భూమి కోసం ఆ దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కి కొట్లాడిండు. కోర్టులో గెలిచిండు. 1940లో గూండాలు దారికాచి నరికినరు. చేతిలో గెలిచిన తీర్పు ఉన్నా పానం దక్కలేదు. ఆయన సమాధికి అన్ని కులాల జనం ఇయ్యాల్టికీ మొక్కుతరు. రైతాంగ పోరాటానికి మొదటి నెత్తురు ముస్లిం రైతుదని, ఆ పోరాటం ఎదుర్కొన్నది దొరలను, రజాకార్లను, ఆ తర్వాత యూనియన్ సైన్యాన్ని కూడా అని చెప్తేనే 1948 పూర్తయితది. నూరానీ తెచ్చిన మిసిల్‌లో ఈ పేజీ లేదు. దాన్ని మనం కుట్టాలె. ఆయన తెచ్చిన పేజీలు మాత్రం చింపొద్దు.

చింపేవాళ్లు వేరే ఉన్నరు. 2025 ఆగస్టు 5న, సరిగ్గా 370 రద్దయిన రోజునే చూసి, జమ్మూ కశ్మీర్ హోం శాఖ 25 పుస్తకాలను జప్తు చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అందులో ఒకటి నూరానీ రాసిన కశ్మీర్ వివాద చరిత్ర. ఆయన పోయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. పోలీసులు శ్రీనగర్‌లో పుస్తకాల దుకాణాలు వెతికినరు. బతికుంటే ఆ ఉత్తర్వు కాపీ తెప్పించుకుని, అందులో ఏ సెక్షన్ ఎక్కడ తప్పిందో నాలుగు పేజీలు రాసేవారు.

ఒక్క పని చెప్పి ముగిస్తాం. ఇప్పుడు ఎనభై ఐదు దాటినవాళ్లకు 1948లో ఎనిమిదేండ్లు. ఆ ఈడులో చూసింది మనిషి మరువడు. నల్లగొండ, మెదక్ జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థులు దసరా సెలవులకు ఊరికి పోయినప్పుడు అటువంటి ముసలోళ్లను వెతకండి. ఫోనులో రికార్డు పెట్టి, ఆ సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా మీ ఊర్లో ఏం జరిగిందని అడగండి. ఎవరు చచ్చిపోయినరు, ఎవరు దాచిపెట్టినరు, మసీదు పక్కన బాయి ఎప్పుడు పూడ్చినరు. హిందువును అడగండి, ముస్లింను అడగండి. తేదీ, ఊరు, చెప్పిన మనిషి పేరు రాసుకోండి. వాళ్లు ఒప్పుకుంటేనే పేరు బయట పెట్టండి. తెచ్చినదాన్ని అచ్చు వేసే బాధ్యత మాది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.